మూడో అంచు కలిపాకే

సోమవారం రాత్రి.

ఇవాళంతా నీటిమట్టాల షీఫ్ మీదే పని. షీఫ్ అంటే ఒక్కో చోటి విలువల్నీ, అవి ఒకదానితో ఒకటి ఎలా సరిపోలాలో చెప్పే నియమాల్నీ కలిపి పట్టే గణిత నిర్మాణం. ఉస్మాన్‌సాగర్ నిండు మట్టం 1790 అడుగులు అంటాం, హుస్సేన్‌సాగర్‌ది 513.41 మీటర్లు అంటాం. ఒకే ఊళ్లో రెండు కొలతలు. వీటిని ఒక చట్రంలో కూర్చడానికి షీఫ్ కంటే నమ్మదగ్గ సాధనం లేదు.

కదలని నీళ్లున్న ఒకే చెరువులో క, గ, చ అని మూడు స్కేళ్లు ఉన్నాయనుకుందాం. గ ఒక్కటే అడుగుల్లో చూపిస్తుంది. ప్రతి స్కేలూ ఒక శీర్షం, పోల్చే ప్రతి జంటా ఒక అంచు. శీర్షం నుంచి అంచుకు రెస్ట్రిక్షన్ మ్యాప్ (రీడింగును పోల్చే కొలతలోకి మార్చే గుణకం) మీటర్ల స్కేళ్లకు 1, గ స్కేలుకు 0.3048. అంచుకు దిశ పెట్టి, చివరి విలువలోంచి మొదటిది తీసేస్తే మాత్రికలో ఒక వరుస. మూడంచులకు 3×3 మాత్రిక, ర్యాంకు (స్వతంత్ర వరుసల సంఖ్య) 2, కెర్నల్ (ప్రతి అంచు మీదా తేడా సున్నా అయ్యే రీడింగుల సమితి) పరిమాణం 1. మూడూ ఒప్పుకునే మట్టం ఉందన్నమాట.

గ–చ అంచు మీద 0.3048 బదులు 1 పడితే? క–గ, గ–చ రెండే ఉన్నంతసేపూ కెర్నల్ పరిమాణం 1గానే ఉంటుంది, లోపం బయటపడదు. చ–క కలపగానే ర్యాంకు 3, కెర్నల్‌లో సున్నా తప్ప ఏమీ ఉండదు. స్కేళ్లన్నీ సరిగ్గా చూపిస్తున్నా ఇంతే! అందుకే రీడింగుల కంటే ముందు చక్రం చుట్టూ మ్యాపుల గుణలబ్ధం (అంచు నుంచి శీర్షానికి దిగేచోట విలోమం తీసుకుని) 1 అవుతోందా అని చూడాలి.

ఒక్క అంచు మీదే 0.3048ని దగ్గరి విలువ 0.305గా రాయడం ఇంకా ప్రమాదం. టాలరెన్స్ (ఇంతకంటే చిన్నదాన్ని సున్నాగా లెక్కించే హద్దు) 0.001 పెడితే, ర్యాంకు తేల్చే సింగులర్ విలువల్లో చిన్నది సున్నా కింద కొట్టుకుపోతుంది, ర్యాంకు 2 అనే చూపిస్తుంది. 513.41 దగ్గర మాత్రం తేడా 34 సెంటీమీటర్లు.

త్రిభుజం లోపలి ముఖాన్ని కూడా చేరిస్తే కేటగిరీ థియరీ (వస్తువుల మధ్య మ్యాపులు ఎలా కలుస్తాయో చూసే గణితం) అక్కరకొస్తుంది. శీర్షం నుంచి ముఖానికి ఏ అంచు మీదుగా వెళ్లినా ఒకే మ్యాప్ రావాలి, అదీ ఫంక్టర్ (మ్యాపుల కూర్పు చెడకుండా ఒక నిర్మాణాన్ని మరోదానికి మార్చేది) షరతు. ఆ తప్పు 1 ఉండగా, అంచుల నుంచి ముఖానికి సున్నా కాని ఏ సంఖ్యలు పెట్టినా ఎక్కడో ఒక శీర్షం దగ్గర షరతు తప్పుతుంది. రీడింగుల దాకా పోకుండా కట్టడంలోనే దొరికిపోతుంది. (2010లో మన హైదరాబాద్‌లోనే గణితవేత్త న్గో బావో చౌకి ఫీల్డ్స్ మెడల్ తెచ్చిన నిరూపణలోనూ షీఫ్‌లదే పెద్ద పాత్ర.)

స్కేలు సున్నా వేరే ఎత్తులో ఉంటే కూడిక వస్తుంది, అది లీనియర్ కాదు. మట్టాన్ని ఒక్క సంఖ్యగా కాక (మట్టం, 1) జంటగా తీసుకోవాలి. అప్పుడు మాత్రిక 6×6, కెర్నల్ పరిమాణం 2. అందులో రెండో అంకె 1 ఉన్న సెక్షన్లే (కెర్నల్‌లోని రీడింగుల కూర్పులే) అసలు మట్టాలు. రేపు రాయాల్సింది ఆ మాత్రికే.