పది అయిపోయింది, బైపీసీ తీసుకుంటున్నాను

పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి ఇంటికి ఎవరొచ్చినా ఒకటే ప్రశ్న, ఏ గ్రూప్ తీసుకుంటున్నావమ్మా అని. బైపీసీ అనగానే "అయితే డాక్టరమ్మవి అవుతావన్నమాట" అంటారు. డాక్టర్లంటే నాకు చాలా గౌరవం, కానీ నాకు చేయాలని ఉన్నది మందులు రాసే పని కాదు, మందులు కనిపెట్టే పని.

మా మామ్మకి రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం. పొద్దున్న లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి మంచినీళ్ల గ్లాసు కూడా పట్టుకోలేకపోయేది, ఇప్పుడు అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఆవిడ వేసుకునేది మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కరోజే వేయాలి, పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుంది. అమ్మ రోజంతా రొయ్యల షెడ్డులో నిలబడి వస్తుంది, అయినా ఆదివారం రాత్రి అన్నాలయ్యాక తనే మామ్మ చేతిలో మాత్ర పెట్టి, మింగేదాకా చూసి, క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టి, మిగతా మాత్రలు బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. మర్నాడు ఫోలిక్ యాసిడ్ (ఒక బి విటమిన్) మాత్ర, దానికి టిక్కు. బాధ్యత అనే మాట ఎక్కడ విన్నా నాకు ఆ క్యాలెండరే గుర్తొస్తుంది.

ఈ రెండు మందుల వెనకా ఉన్నది మా భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారని తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన నడిపించిన బృందమే ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబ్‌లో తయారుచేసింది, దాన్ని అడ్డుకునే మెథోట్రెక్సేట్ కూడా వాళ్ల చేతుల మీదుగానే వచ్చింది, మొదట్లో కేన్సర్ కోసం. స్కూల్లో మాకు వారానికోసారి ఇచ్చే నీలం మాత్రలో ఐరన్‌తో పాటు ఉండేదీ ఆ ఫోలిక్ యాసిడే. అన్నేళ్లు మింగాం గానీ ఆయన పేరు మాకెవరూ చెప్పలేదు.

ఆయన మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ పాసవలేదు. మా క్లాసులో సప్లిమెంటరీకి ఫీజు కట్టి, ఇంట్లోంచి బయటికి రావడానికే టెన్షన్ పడుతున్న వాళ్లందరికీ ఈ సంగతి చెప్పాలని ఉంది. మద్రాసులో వైద్యం చదివేటప్పుడు గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌను వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపం వచ్చి, చివరికి ఎంబీబీఎస్ కాకుండా దానికన్నా చిన్నదైన ఎల్ఎంఎస్‌ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అయినా ఆగలేదు. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఆయన నాయకత్వంలోనే బయటికొచ్చింది, పేరు మాత్రం ఆయన బృందంలోని డుగ్గర్‌కి వెళ్లింది. 1948లో, 53 ఏళ్లకే పోయారు. అంత పని చేసి, పేరు కోసం పాకులాడకుండా ఉండటం నాకు అన్నిటికన్నా నచ్చింది, నేనూ అలా ఉండగలనా అని రోజూ అనుకుంటాను.

వచ్చే నెల గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో చేరుతున్నాను, ఇంటర్ తర్వాత ఈఏపీసెట్ రాసి ఫార్మసీ వైపు వెళ్లాలని. ఈలోగా ఒక సందేహం మాత్రం వదలట్లేదు. ఫోలిక్ యాసిడ్‌ని అడ్డుకునే మందు ఆదివారం ఇచ్చి, సోమవారం మళ్లీ ఫోలిక్ యాసిడే ఇస్తే మామ్మకి నొప్పులు ఎందుకు తిరగబెట్టట్లేదు? మా బయాలజీ టీచర్‌గారు కొంత చెప్పారు గానీ నాకు పూర్తిగా ఎక్కలేదు. తెలిసినవాళ్లు ఎవరైనా తేలిక మాటల్లో చెప్పండి, మా అమ్మ కూడా అడుగుతోంది.