శనివారం సాయంత్రం డోకాపాన్

తెనాలిలో మా అమ్మమ్మగారింటి వసారాలో సుద్దముక్కతో 25 గడులు గీసుకుని, గవ్వలు వేసి అష్టాచెమ్మా ఆడుకున్న నలుగురం ఇప్పుడు మూడు దేశాల్లో ఉన్నాం. పెద్దమ్మ కొడుకైన అన్నయ్య డాలస్‌లో, పిన్ని కూతురు లండన్‌లో, మావయ్య కొడుకైన బావ గుంటూరులో, నేను హైదరాబాదులో ఉంటున్నాం. గత రెండేళ్లుగా శనివారం సాయంత్రం ఏడున్నరకు, అంటే లండన్‌లో మధ్యాహ్నం మూడింటికి, డాలస్‌లో ఉదయం తొమ్మిదింటికి, నలుగురం ఒకే ఆట ముందు కూర్చుంటున్నాం. చలికాలంలో అక్కడ గడియారాలు వెనక్కి తిప్పుతారు కాబట్టి వాళ్లిద్దరూ మరో గంట ముందే సిద్ధం కావాల్సి వస్తుంది. ఆ ఆట పేరు డోకాపాన్ కింగ్‌డమ్.

జపాన్‌కు చెందిన స్టింగ్ సంస్థ ఈ ఆటను 2007లో ప్లేస్టేషన్ 2 కోసం తయారుచేసింది. మేము ఆడేది ఆ మరుసటి ఏడాది నింటెండో వారి వీ (Wii) అనే ఆటల యంత్రం కోసం వచ్చిన రూపం. రాజ్యాన్ని రాక్షసులు ఆక్రమిస్తారు. ఊళ్లను విడిపించి అందరికన్నా ఎక్కువ సంపద కూడబెట్టినవాడికి తన కూతురినీ సింహాసనాన్నీ ఇస్తానని రాజు ప్రకటిస్తాడు. స్పిన్నర్ తిప్పి, పడిన అంకెను బట్టి గడులు నడిచి, ఎదురైన రాక్షసుడితోనో తోటి ఆటగాడితోనో పోరాడాలి. ఇక్కడ గవ్వల ఆటతో పోలిక మొదలవుతుంది కానీ, అష్టాచెమ్మాలో కాయను చంపితే అది మొదటి గడికి పోయి ఊరుకుంటుంది. డోకాపాన్‌లో గెలిచినవాడు ఓడినవాడి డబ్బు తీసుకోవచ్చు, ఊరు లాక్కోవచ్చు, చివరికి పేరు మార్చి పిచ్చి పేరు పెట్టవచ్చు. మూడు నెలల పాటు మా బావ తెర మీద ‘తాటిముంజె’ అనే పేరుతో తిరిగాడు. ఆ పేరు పెట్టింది చెల్లి.

ఈ ఆటకు వీ మీద ఇంటర్నెట్ సదుపాయం లేదు. నలుగురూ ఒకే టీవీ ముందు, ఒకే పెట్టెకు కలిపిన రిమోట్లతో ఆడాలన్నది దాని ఉద్దేశం. మరి నాలుగు ఊళ్ల నుంచి ఎలా ఆడుతున్నాం? డాల్ఫిన్ అనే ఎమ్యులేటర్ వల్ల. గేమ్‌క్యూబ్, వీ యంత్రాల పనిని మామూలు కంప్యూటర్‌లో చేసిపెట్టే ఈ ప్రోగ్రామ్ 2003లో మొదలై, 2008లో ఓపెన్ సోర్స్ అయింది. దానిలోని నెట్‌ప్లే అనే సదుపాయం పనిచేసే తీరు తెలిసిన రోజున నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు.

చాలామంది అనుకున్నట్లు ఒకరి కంప్యూటర్‌లో ఆట నడుస్తూ, మిగతావారికి ఆ బొమ్మ వీడియోగా చేరదు. నాలుగు కంప్యూటర్లలోనూ నాలుగు పూర్తి ఆటలు వేర్వేరుగా నడుస్తాయి. వాటి మధ్య ప్రయాణించేది ఒక్కటే, ఎవరు ఏ క్షణంలో ఏ బటన్ నొక్కారన్న సమాచారం. నలుగురి దగ్గరా ఆటఫైలు అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయి, డాల్ఫిన్ వెర్షన్ ఒకటే అయి, ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకునే సేవ్ ఫైలూ లోపలి గడియారమూ ఒకే చోట మొదలై, అవే బటన్లు అదే వరుసలో అందితే, నాలుగు యంత్రాలూ ఒకే ఫలితానికి వస్తాయి. కేవలం అదృష్టమనిపించే స్పిన్నర్ అంకె కూడా ఆ లెక్కలోంచే పుడుతుంది కాబట్టి, డాలస్‌లో అన్నయ్యకు 5 పడితే గుంటూరులో బావ తెర మీదా 5 పడుతుంది. ఆట మాత్రం తనకు ఒకే పెట్టెకు నాలుగు రిమోట్లు తగిలించి ఉన్నాయనే నమ్ముతుంది. మేము నలుగురం ఇంకా ఒకే వసారాలో ఉన్నామని నమ్మేది ఈ లోకంలో ఆ ప్రోగ్రామ్ ఒక్కటే, అందుకే దాని మీద నాకింత మమకారం.

ఆటఫైలు గురించి ఒక మాట చెప్పాలి. నలుగురికీ నాలుగు డిస్కులు ఉన్నాయి. అన్నయ్య అక్కడి పాత సరుకు దుకాణాల్లో వెతికి ఒక్కొక్కటే కొని, సెలవులకు వచ్చినప్పుడు తెచ్చి ఇచ్చాడు. తన పాత వీ ద్వారా ఆ డిస్కులను ఫైళ్లుగా మార్చిపెట్టిందీ తనే. డాల్ఫిన్‌లో చెక్‌సమ్, అంటే ఫైలులోని సమాచారమంతటి నుంచి లెక్కకట్టే గుర్తింపు సంఖ్య, పోల్చి చూసినప్పుడు నాలుగూ సరిపోయాయి.

ఎవరు హోస్ట్‌గా, అంటే మిగతావారంతా వచ్చి కలిసే కేంద్రంగా, ఉండాలన్నది మాకు మొదట్లో తెలియక చాలా ఇబ్బంది పడ్డాం. నా కంప్యూటర్ మంచిదని నేనే హోస్ట్‌గా ఉండేవాణ్ణి. బటన్ల సమాచారమంతా హోస్ట్ గుండానే పోతుంది కాబట్టి, లండన్‌లో చెల్లి నొక్కిన బటన్ ముందు హైదరాబాదు వచ్చి, మళ్లీ డాలస్ వెళ్లాల్సి వచ్చేది. పైగా మా ఇంటర్నెట్ సంస్థ అనేక ఇళ్లకు కలిపి ఒకే బయటి అడ్రస్ వాడుతుంది కనుక బయటివారు నేరుగా నా కంప్యూటర్‌ను చేరలేకపోయేవారు. సంస్థకు మూడుసార్లు ఫోన్ చేసినా, ‘‘మోడెమ్ ఆపి మళ్లీ ఆన్ చేయండి సార్’’ అన్న సమాధానం తప్ప మరొకటి రాలేదు. చివరికి దారి మధ్యలో ఉన్న చెల్లిని హోస్ట్‌గా పెట్టాం. ఇక్కడి నుంచి లండన్‌కు 140 మిల్లీసెకన్లు, అక్కడి నుంచి డాలస్‌కు 110, వెరసి 250. సుమారు 15 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున బఫర్, అంటే బటన్ సమాచారం అందరికీ చేరేదాకా ఆట కావాలని ఆగే వ్యవధి, పెట్టాలన్నది ఆడేవాళ్లు పాటించే లెక్క కనుక, మేము కాస్త ఎక్కువగా 20 పెట్టుకున్నాం. బటన్ నొక్కాక మూడో వంతు సెకను ఆగి పాత్ర కదులుతుంది. పోరాటాల ఆటలో అయితే అది భరించలేని ఆలస్యం. వంతుల వారీగా ఆడే ఈ ఆటలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. దూరాల నుంచి ఆడటానికి ఇంతకన్నా తగిన ఆట నాకు కనబడలేదు.

ఇబ్బందులు లేకపోలేదు. ఒకసారి ‘డీసింక్ అయి ఉండవచ్చు’ అన్న హెచ్చరిక తెర మీద కనిపించింది. మేము దాన్ని పట్టించుకోకుండా పది నిమిషాలు ఆడాం. ఆ తర్వాత చెల్లి, ‘‘అన్నయ్యా, నువ్వు నా ఊళ్లోకి ఎందుకొచ్చావు?’’ అని అడిగింది. నా తెర మీద నేను ఆ ఊరి దరిదాపుల్లో లేను. అంతకుముందు ఏదో క్షణంలో నా ఆట మిగతావాటి నుంచి విడిపోయి, వాళ్లకు తెలియని వేరే రాజ్యంలో నేను ఒంటరిగా తిరుగుతున్నాను. ఆరా తీస్తే గ్రాఫిక్స్ సెట్టింగుల్లో ఒకటి నా దగ్గర వేరుగా ఉంది. సెట్టింగులన్నీ హోస్ట్‌తో కచ్చితంగా సరిపోల్చే ఆప్షన్‌ను ఆన్ చేశాక మళ్లీ అలా జరగలేదు. ఇంకోసారి, హోస్ట్ సేవ్‌ను చదవడం మాత్రమే కాక తిరిగి రాసే ఆప్షన్ కూడా ఎంచుకోవాలని ఎవరమూ గమనించక, మూడు గంటల ఆట పోగొట్టుకున్నాం. బావ ఆ రోజు రెండు ఊళ్లు విడిపించాడు. అతను ఏమీ అనలేదు కానీ, కాల్ అవతల నుంచి కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు మాత్రం వినిపించింది. ఇప్పుడు ఆట మొదలయ్యే ముందు ఆ ఆప్షన్‌ను చెల్లి గట్టిగా చదివి వినిపిస్తుంది.

పోరాటం తీరు చెప్పకపోతే ఈ ఆట గురించి చెప్పినట్టే కాదు. దాడి చేసేవాడు మామూలు దెబ్బ, మంత్రం, స్ట్రైక్ వంటివాటిలో ఒకటి ఎంచుకుంటాడు. కాచుకునేవాడు డిఫెండ్, మంత్రరక్షణ, కౌంటర్‌లలో ఒకటి ఎంచుకుంటాడు. స్ట్రైక్ తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. అదే కౌంటర్ పడితే స్ట్రైక్ చేసినవాడికే ఎదురు తగులుతుంది. కాబట్టి ఆయుధాల కన్నా ఎదుటి మనిషి స్వభావం తెలియడం ముఖ్యం. అన్నయ్య చిన్నప్పుడు గవ్వలు వేసే ముందు గుప్పిటను రెండుసార్లు ఊదేవాడు, పెద్ద పందెం కావాలనుకున్నప్పుడు మూడుసార్లు. మొన్న నా మీదికి వచ్చినప్పుడు కాల్‌లో మైకు దగ్గర ఆ ఊదిన చప్పుడు మూడుసార్లు విన్నాను. కౌంటర్ నొక్కాను. మూడో వంతు సెకను తర్వాత నాలుగు తెరల మీదా అన్నయ్య పాత్ర కూలిపోయింది.

2023లో ఈ ఆటకు ఇంటర్నెట్ సదుపాయంతో కొత్త రూపం నింటెండో వారి స్విచ్ యంత్రం మీద వచ్చింది. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను దాన్నే సూచిస్తాను, ఎందుకంటే బఫర్లూ చెక్‌సమ్‌లూ అందరికీ నచ్చవు. మేము మాత్రం పాతదాన్ని వదలలేదు. మా రాజ్యం, మా అప్పులు, మా పగలు ఆ సేవ్ ఫైలులోనే ఉన్నాయి.

పోయిన శనివారం రాత్రి పదకొండింటికి ఆపేసరికి చెల్లి అందరికన్నా వెనకబడి ఉంది. చివరి స్థానంలో ఉన్నవారికి కొన్నాళ్లపాటు చీకటి శక్తులిచ్చే డార్క్‌లింగ్ అవతారం దొరుకుతుంది. దాన్ని తీసుకుంటుందో లేదో తను చెప్పలేదు. సేవ్ చేసి కాల్ పెట్టేసింది. వచ్చే వారం మొదటి వంతు తనదే.