పర్లాకిమిడిలో లీ-ఎన్‌ఫీల్డ్ చెక్క బాగుచేత: నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా

పనికి వచ్చినది బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారీ ఎస్‌ఎంఎల్‌ఈ (షార్ట్ మ్యాగజైన్ లీ-ఎన్‌ఫీల్డ్) మార్క్ 3 స్టార్ రైఫిల్ తాలూకు చెక్క సామాను. మడమ, అంటే భుజానికి ఆనించే వెనక చెక్క, ఒకటి, గొట్టం కింద పొడుగునా నడిచే ముందు చెక్క ఒకటి, గొట్టాన్ని పైనుంచి కప్పే పై చెక్కలు రెండు. 1959 ఆయుధాల చట్టం కింద రిపేరుకు కూడా లైసెన్సు ఉండాలి. పైగా ఈ రైఫిల్ బోరు, అంటే గొట్టం లోపలి కొలత, .303. అది నిషిద్ధ బోరు. అందుకే విప్పడం దగ్గర్నుంచి బిగించడం దాకా అంతా లైసెన్సున్న డీలర్ షెడ్డులోనే జరిగింది. ఇంట్లో చేసుకోదగ్గ పని కాదిది. కింద రాసినదంతా చెక్క గురించే.

నవంబరు, మొదటి వారం

ముందు చెక్క తోక దగ్గర, అంటే మడమ వైపు చివర, సుమారు 7 సెంటీమీటర్ల పగులు. ఎస్‌ఎంఎల్‌ఈల్లో ఇది చాలా మామూలు. కారణాలు రెండు. మొదటిది విప్పే వరస తప్పడం. మడమను పట్టి ఉంచే పొడుగాటి బోల్టు కొస నలుచదరంగా ఉంటుంది. ఆ కొస ముందు చెక్క తోకలో బిగించిన చిన్న ఇనుప పలక గాడిలో కూర్చుంటుంది, బోల్టు వదులు కాకుండా. ముందు చెక్కను తియ్యకుండా మడమ బోల్టు తిప్పితే కొసతో పాటు పలక తిరుగుతుంది, పలకతో పాటు చెక్క చీలుతుంది. తర్వాతి కాలపు కొన్ని రైఫిళ్లలో ఈ పలక లేదు. ఉందో లేదో పైనుంచి కనబడదు కాబట్టి వరస ఎప్పుడూ ఒకటే: మ్యాగజైను, ముక్కు టోపీ (గొట్టం మూతి దగ్గరి ఇనుప తొడుగు), చెక్కను పట్టి ఉంచే బయటి పట్టీ, పై చెక్కలు, లోపలి పట్టీ స్క్రూ, ట్రిగ్గర్ గార్డు స్క్రూలు, ముందు చెక్క. మడమ అన్నిటికన్నా ఆఖరు. లోపలి పట్టీ స్క్రూకి చిన్న స్ప్రింగు ఉంటుంది, ముక్కు టోపీ దగ్గర ఇంకో స్ప్రింగు, దాని మీద చిన్న గుబ్బ. ఇవి ఎగిరిపోతే వెతుక్కోవడం గొప్ప శిక్ష. కింద తెల్ల గుడ్డ పరచాలి.

రెండో కారణం ట్రిగ్గర్ గార్డు పైన చెక్క లోపల ఉంది. దాని సంగతి డిసెంబరులో.

మడమ అడుగు ఇత్తడి పలక స్క్రూలు రెండూ తుప్పుపట్టి ఉన్నాయి. నూనె పోస్తే చెక్క తాగుతుంది తప్ప స్క్రూకి చేరదు. సోల్డరింగ్ ఐరన్ కొసను స్క్రూ తల మీద ఐదు నిమిషాలు ఆనించి, చల్లారాక తిప్పితే వదిలాయి. స్క్రూడ్రైవర్ మొన స్క్రూ గాడిలో అటూఇటూ కదలకుండా పట్టాలి. బజారు స్క్రూడ్రైవర్లు కొసకు సన్నగా ఉంటాయి. ఆకురాయితో చదును చేసుకుంటే స్క్రూ తల చెడదు.

నవంబరు మిగతా అంతా: జిడ్డు

ఎక్కువ ఓపిక ఇక్కడే కావాలి. దశాబ్దాల తుపాకి నూనె, గ్రీజు చెక్కలో దిగి నల్లబడింది. జిడ్డు దిగిన చెక్క మెత్తబడుతుంది, దాని మీద జిగురు పట్టదు. గరుకు కాగితంతో పైపొర తీసేస్తే తెల్లగా వస్తుంది కదా అని చాలామంది మొదట అదే చేస్తారు. అప్పుడు జిడ్డు లోపలే ఉంటుంది, చెక్క మీద కొట్టిన పాత ముద్రలు మాత్రం పోతాయి, చెక్క అంచు ఇత్తడి పలక అంచు కంటే కిందికి దిగిపోతుంది. ఒకసారి తీసిన చెక్క మళ్లీ రాదు. ఈ నాలుగు నెలల్లో గరుకు కాగితం వాడినది అతుకుల మీద మాత్రమే.

వాడినవి: పెయింట్ల షాపులో లప్పం చెయ్యడానికి అమ్మే చాక్ పౌడర్ 2 కిలోలు, ఎసిటోన్ 1 లీటరు, టర్పెంటైన్ అర లీటరు. చాక్ పౌడర్‌ను ఎసిటోన్‌తో దోసెపిండి కంటే కాస్త గట్టిగా కలిపి, 5 మిల్లీమీటర్ల మందాన పట్టించి, పాలిథిన్ చుట్టి రెండు గంటలు ఉంచాలి. విప్పి ఆరనిస్తే ఎసిటోన్ ఆవిరవుతూ జిడ్డును పైకి లాగుతుంది, పొడి దాన్ని పీల్చుకుని గోధుమరంగుకు తిరుగుతుంది. రాల్చేసి మళ్లీ కొత్తది. పాలిథిన్ చుట్టకపోతే ఎసిటోన్ పావుగంటలో ఎగిరిపోయి పొడి తెల్లగానే మిగులుతుంది. మొదటి విడత అలాగే వృథా అయింది. మంట, బీడీ, స్విచ్చి దగ్గర లేకుండా, గాలి ఆడే చోట చెయ్యాలి.

ముగ్గు పిండి చవక కదా అని అడుగుతారు. అందులో రాతి నలుసులు ఉంటాయి, చెక్క మీద గీతలు పడతాయి. బియ్యప్పిండి కలిసినదైతే పురుగుకు విందు.

విడతల మధ్య చెక్కను నల్ల పాలిథిన్‌లో ఉంచి నవంబరు ఎండలో గంట పెడితే జిడ్డు పలచబడి బయటికి చెమరుస్తుంది. ఇదే పని మే నెల ఎండలో చేస్తే చెక్క పగులుతుంది. కాస్టిక్ సోడా జోలికి వెళ్లొద్దు. జిడ్డుతో పాటు పీచునూ తింటుంది, చెక్క బూడిదరంగుకు మారుతుంది.

మడమకు నాలుగు విడతలు, ముందు చెక్కకు ఆరు పట్టాయి. మడమను వంటింటి కాటా మీద తూస్తే మొత్తం 41 గ్రాములు తగ్గింది, అందులో ఆఖరి విడతలో తగ్గింది 2 గ్రాములే. అక్కడ ఆపాం. గోరువెచ్చని ఇస్త్రీ పెట్టె ఆనించినా చెమర్చకపోతే జిగురు పనికి సిద్ధమైనట్టే. రంధ్రాల్లో ఇరుక్కున్న తెల్లపొడిని టూత్‌బ్రష్, టర్పెంటైన్‌తో తోమాలి.

డిసెంబరు: పగులు, తన్ను ముఖాలు

పగులును కొంచెం తెరిచి అరల్డైట్ స్టాండర్డ్ అనే రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు నింపాం. పాళ్లు బరువు లెక్కన 100కి 80, 180 గ్రాముల పెట్టెలో రెండు ట్యూబులూ అదే నిష్పత్తిలో వస్తాయి. ఐదు నిమిషాల్లో బిగిసే రకం పగులు చివరిదాకా దిగేలోపే గట్టిపడుతుంది. స్టాండర్డ్ రకం నెమ్మది, ఇస్త్రీ పెట్టెతో చెక్కను కాస్త వెచ్చచేస్తే నీళ్లలా పారుతుంది. ఫెవికాల్ ఒకప్పుడు జిడ్డు తాగిన చెక్కను నమ్మకంగా పట్టదు. సైకిల్ ట్యూబు కోసిన పట్టీతో బిగించి చుట్టి, 24 గంటలు కదపలేదు. తర్వాత పగులుకు అడ్డంగా 4 మిల్లీమీటర్ల బెజ్జం వేసి వెదురు మేకు దింపాం. ఇషాపూర్ వాళ్లు కూడా తమ ముందు చెక్కల్లో అడ్డంగా ఒక స్క్రూ వేసేవాళ్లు, చీలకుండా ఉండడానికే. ఆ స్క్రూ చూసి ఎవరో తర్వాత అతుకేశారనుకోవద్దు, అది ఫ్యాక్టరీ పనే.

ఇప్పుడు రెండో కారణం. రిసీవర్, అంటే గొట్టం వెనక ఉండే ఇనుప చట్రం, అడుగున ఉన్న భుజాలు ముందు చెక్క లోపల రెండు నిలువు ముఖాలకు ఆనుకుంటాయి. పేలినప్పుడు తుపాకి తన్ను పడేది వీటి మీద. నూనె దిగి ఇవి నలిగితే రిసీవర్ వెనక్కి జరుగుతుంది, చెక్క తోక మడమ కూర్చునే సాకెట్ ఇనుముకు కొట్టుకుంటుంది, చీలుతుంది. పగులు ఒక్కటే అతికి ఈ ముఖాలు వదిలేస్తే మళ్లీ అక్కడే పగులుతుంది. ఎడమ ముఖం వేలిగోరు దిగేంత మెత్తగా ఉంది. రెండింటినీ 8 మిల్లీమీటర్ల లోతు ఉలితో నలుచదరంగా తీసి కొత్త ముక్కలు అతికాం. పీచు తుపాకి పొడుగు దిక్కునే ఉండాలి. అడ్డంగా పెడితే ముక్క అణుగుతుంది.

ముక్కకు అక్రోటు చెక్కే కావాలి. ఇక్కడి కలప అడితీల్లో దిరిసెనను చూపించి వాల్‌నట్ అంటారు. పూర్తిగా అబద్ధం కాదు, కలప వ్యాపారంలో దిరిసెనకు ఈస్ట్ ఇండియన్ వాల్‌నట్ అనే పేరుంది. కానీ చెట్టు వేరు, పీచు ముతక. టేకు మరీ పనికిరాదు, దానిలో సహజంగా ఉండే నూనె జిగురును విడదీస్తుంది. చివరికి వాడినది పాత కాశ్మీరీ పెట్టె మూత.

రెండు ముఖాలూ సమానంగా ఆనుతున్నాయో లేదో కాటుకతో చూసుకోవచ్చు. రిసీవర్ భుజాలకు పలచగా రాసి, చెక్క కూర్చోబెట్టి తీస్తే ఆనిన చోట మచ్చ పడుతుంది. ఆ మచ్చనే సన్న ఆకురాయితో రెండు రుద్దులు. ఇలా పదిహేడు సార్లు. తోకకూ సాకెట్‌కూ మధ్య విజిటింగ్ కార్డు దూరేంత సందు మిగలాలి.

సొట్టలకు తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే ఆవిరికి పీచు ఉబ్బి లేస్తుంది. పీచు తెగిన గాట్లు లేవవు, వాటిని వదిలెయ్యడమే. ముద్రల మీద మాత్రం ఆవిరి పెట్టకూడదు, చెక్క దృష్టిలో ముద్ర కూడా సొట్టే. ఇనుము తగిలి నల్లబడిన మచ్చలకు లీటరు గోరువెచ్చని నీటిలో 50 గ్రాముల ఆక్సాలిక్ ఆసిడ్, 20 నిమిషాలు, తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు కడగాలి. గ్లవ్స్ తప్పనిసరి.

జనవరి: నూనె

అవిసె నూనె. డబుల్ బాయిల్డ్ కాదు, పచ్చిది. డబుల్ బాయిల్డ్ డబ్బాలో ఆరబెట్టే మందులు కలిపి ఉంటాయి, పైన పొర కడుతుంది. సైన్యం వాడినది పచ్చి నూనె, అది లోపలికి దిగుతుంది. ఈ వైపు కర్రలకు ఆవనూనె పట్టించే అలవాటుంది, రైఫిల్ చెక్కకూ అదే పట్టించమని సలహా వస్తుంది. ఆవనూనె, కొబ్బరినూనె గాలికి గట్టిపడవు, ఏళ్ల తరబడి జిడ్డుగానే ఉండి దుమ్ము పడతాయి. అలా అయితే నవంబరు పని మళ్లీ మొదటికే.

మొదటి పూత టర్పెంటైన్‌తో సగం సగం. అరగంట తర్వాత చెక్క తాగనిదంతా పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. తుడవకపోతే బంకలా మిగులుతుంది. రెండో పూత నాలుగు రోజులకు, నూనె మాత్రమే. మొత్తం ఆరు పూతలు, మొదటి రెండు తప్ప అరచేత్తో రుద్దినవే. పొడుగు పీచు చివర్లు, ముఖ్యంగా ఇత్తడి పలక కింద భాగం, మూడింతలు తాగుతాయి. ఖర్చైన నూనె 350 మిల్లీలీటర్లు. ఆషాఢ శ్రావణాల్లో ఈ పని పెట్టుకుంటే పూత ఆరదు, బూజు పడుతుంది.

నూనె గుడ్డలను ఉండచుట్టి పడెయ్యకండి. అవిసె నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, ఉండలో ఆ వేడి బయటికి పోక దానంతటదే అంటుకుంటుంది. నీళ్ల బకెట్టులో ముంచి, విప్పి, నేల మీద పరిచి ఆరనివ్వాలి.

ఇత్తడి పలకను చింతపండుతో తోమితే మెరుస్తుంది గాని, స్క్రూ బెజ్జాల్లో పులుపు మిగిలి పచ్చ చిలుము పడుతుంది. మెత్తటి గుడ్డతో తుడిచి పాత రంగే ఉంచాం.

ఫిబ్రవరి: బిగింపు

మడమ ముందు. సాకెట్‌లో కాస్త ఊగింది, చెక్క ఎండి సన్నబడినందుకు. కొస చుట్టూ పలచని తోలు అతికితే బిగువైంది. బోల్టు నలుచదరపు కొస నిటారుగా నిలిచాకే ముందు చెక్క ఎక్కించాలి, లేదంటే పలక గాడిలోకి పోదు. ట్రిగ్గర్ గార్డు ముందు స్క్రూ చుట్టూ ఉండే చిన్న గొట్టపు బుష్షు మరిచిపోవద్దు. అది లేకపోతే స్క్రూ చెక్కను నలుపుతుంది. చెక్క కుంచించుకుపోయి బుష్షు పొడుగు ఎక్కువైతే స్క్రూ బిగిసినట్టే ఉంటుంది, చెక్క మాత్రం కదులుతుంది. ఇక్కడ అదే జరిగింది, బుష్షును ఆకురాయితో పావు మిల్లీమీటరు తగ్గించాల్సి వచ్చింది.

మిగిలింది వెనక పై చెక్క. లోపలి స్ప్రింగు క్లిప్పు రివెట్లలో ఒకటి వదులు. ముందు చెక్క గాడిలో గొట్టం పక్కన పోస్టుకార్డు పట్టీ ఇప్పుడు తేలిగ్గా జారుతోంది, అంటే చెక్క గొట్టానికి తగలడం లేదు. వానల్లో చెక్క అడ్డంగా ఉబ్బుతుంది కాబట్టి ఆగస్టులో అదే పట్టీతో మళ్లీ చూడాలి.