ఫిట్స్ మందు వాడుతూ అత్యవసర గర్భనిరోధం: నా అనుభవం

కండోమ్ చిరిగిందని గమనించిన ఆ రాత్రి, తెల్లవారగానే మందుల షాపు నుంచి మాత్ర తెచ్చుకుంటే సరిపోతుందని నేనూ మావారూ అనుకున్నాం. చాలామందికి అది సరిపోతుంది కూడా. లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి 72 గంటలలోపు, వీలైనంత త్వరగా వేసుకోవాలి. ఆలస్యమయ్యే కొద్దీ దాని పనితనం తగ్గిపోతుంది. అయితే నేను ఫిట్స్ రాకుండా చాలా ఏళ్లుగా కార్బమజెపైన్ వాడుతున్నాను. రెండూ కలిస్తే ఏమవుతుందో అడిగాకే మాత్ర వేసుకోవాలని, పొద్దున్నే మా గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లాను.

డాక్టరు గారు చివరి నెలసరి తేదీ, నా బరువు, ఈ నెలలో అంతకుముందు రక్షణ లేకుండా కలిశామా అన్న సంగతి అడిగి, కార్బమజెపైన్ పేరు వినగానే రాయడం ఆపారు. "ఆ మందు వల్ల మీ కాలేయం హార్మోన్లను మామూలు కంటే వేగంగా విరిచేస్తుందమ్మా. మాత్ర వేసుకున్నా అది చాలినంతగా పనిచేయకపోవచ్చు" అన్నారు. ఫెనిటాయిన్‌తోనూ, క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్‌తోనూ ఇదే ఇబ్బంది ఉంటుందట. 120 గంటల వరకు వేసుకోదగిన యూలిప్రిస్టల్ అనే మరో మాత్ర ఉంది గానీ, దానిదీ నా విషయంలో అదే పరిస్థితి. మాత్ర ఇచ్చే ప్రతిచోటా "ఇంకేమైనా మందులు వాడుతున్నారా" అని తప్పనిసరిగా అడగాలని అప్పటి నుంచీ గట్టిగా కోరుకుంటున్నాను.

లెవోనార్జెస్ట్రెల్ మోతాదును రెట్టింపు చేసే పద్ధతి ఉన్నా, అది ఎంతవరకు కాపాడుతుందో గట్టిగా చెప్పలేమని, నాకు కాపర్-టి మేలని ఆవిడ సలహా ఇచ్చారు. కలయిక జరిగిన అయిదు రోజులలోపు వేయించుకుంటే, అత్యవసర పద్ధతులన్నిటిలోనూ ఎక్కువ భరోసా ఇచ్చేది అదే. నూటికి తొంభై తొమ్మిది మందికి పైగా గర్భం రాదు. అందులో హార్మోను లేదు కనుక నా ఫిట్స్ మందుతో దానికి పేచీ లేదు. మాత్రలు గర్భస్రావం చేస్తాయన్న భయం నాకూ ఉండేది. అవి అండం విడుదలను వెనక్కి నెడతాయే తప్ప, అప్పటికే నిలిచిన గర్భాన్ని ఏమీ చేయవని డాక్టరు గారు ఓపికగా వివరించారు.

వేసే ముందు గర్భ పరీక్ష చేసి, కాపర్-టిని నాకు చూపించారు: సన్నని తెల్లటి ప్లాస్టిక్ కాడ, దాని చుట్టూ రాగి తీగ, కింద రెండు దారాలు. గర్భాశయ ముఖద్వారాన్ని పట్టుకున్నప్పుడు పొత్తికడుపును గట్టిగా మెలిపెట్టినట్టు నొప్పి వచ్చింది. "ఊపిరి నెమ్మదిగా వదలండి, అయిపోయింది" అని నర్సు నా చేయి పట్టుకుంది. నిజంగానే కొద్ది నిమిషాల్లో అయిపోయింది. ఆ తరువాత కొన్నాళ్లు అక్కడక్కడా రక్తపు మరకలు కనిపించాయి. మొదటి నెలసరులు మునుపటి కంటే ఎక్కువ స్రావంతో వచ్చాయి. ఇలా ఉంటుందని ముందే చెప్పడం వల్ల కంగారు పడలేదు.

కలయిక జరిగిన మూడు వారాలకు మళ్లీ గర్భ పరీక్ష చేసుకోమన్నారు, ఫలితం నెగెటివ్. దారాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూశాక, కావాలంటే ఇప్పుడే తీసేస్తానని డాక్టరు గారు అడిగారు. ఏళ్ల తరబడి పనిచేస్తుంది కనుక, పిల్లలు కావాలనుకునే వరకు దాన్నే ఉంచుకోవాలని ఇద్దరం నిర్ణయించుకున్నాం.