దూడ తొక్కిన కోడిపిల్ల

డిసెంబరు 28, ఆదివారం

ధనుర్మాసంలో మా ఇంట్లో ఆదివారమైనా నిద్ర ఉండదు. గుడి మైకు ఐదింటికే అందుకుంటుంది. ఆ తర్వాత కళ్ళాపి, ముగ్గు, గొబ్బెమ్మలు. పేడ కోసం పాకలోకి వెళ్ళిన అత్తయ్యగారు అక్కణ్ణించే కేకేశారు: "అమ్మాయ్, దూడ కోడిపిల్లని తొక్కేసిందే!"

గోధుమరంగు పెట్ట ఈమధ్యే పిల్లల్ని లేపింది. పొద్దున్నే గంప ఎత్తగానే వాటిని వెంటేసుకుని నేరుగా పాకలోకి పోతుంది. గడ్డి కింద పురుగులుంటాయి, పేడ దగ్గర వెచ్చగా ఉంటుంది. పాలు తీస్తున్న గేదె దగ్గరికి దూడ ఎగిరెగిరి వస్తుంటే అడుగులు ఎక్కడ పడతాయో దానికేం తెలుస్తుంది? నేను వెళ్ళేసరికి పిల్ల గడ్డిలో ఒక పక్కకి ఒరిగిపోయి, ఒక్క రెక్క కొట్టుకుంటూ కీచుకీచుమంటోంది. పెట్ట ఈకలు విరబోసుకుని నా మీదికి లంఘించింది. ముందు దాన్ని గంప కింద మూసి, తర్వాత పిల్లని చేతిలోకి తీసుకున్నాను.

ఊపిరి బాగానే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నెత్తురు లేదు. ఎడమ కాలు మాత్రం వేలాడుతోంది. రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది. ఎడమ కాలికి వెనక్కి వంగే కీలు బాగానే ఉంది, దాని కిందున్న సన్నటి భాగంలో వాపు, వంగకూడని చోట చిన్న వంపు. కోడికి వెనక్కి వంగే ఆ కీలుని మనం మోకాలనుకుంటాం గానీ నిజానికి అది చీలమండ. అసలు మోకాలు పైన ఈకల్లో దాక్కుని ఉంటుంది. కూరలో తినే లెగ్ పీసు ఈ రెండు కీళ్ళ మధ్యది. ఇంతకీ దెబ్బ తగిలింది ఆ చీలమండకీ వేళ్ళకీ మధ్య. వేలి కొన మెల్లిగా నొక్కితే పిల్ల కాలు వెనక్కి లాక్కుంది. వేళ్ళు వెచ్చగానే ఉన్నాయి. అంటే నరం, నెత్తురు రెండూ అందుతున్నాయి. అంతవరకు నయం.

మా ఆయన పాల చెంబు పక్కన పెట్టి ఒక చూపు చూసి, "బతకదు, వదిలెయ్" అన్నారు. మావయ్యగారు పేపర్లోంచి తల ఎత్తలేదు. అత్తయ్యగారు పసుపు, సున్నం కలిపి పట్టేద్దామన్నారు. మనిషికి బెణికితే అదే కదా వేస్తాం. పసుపైతే సరే గానీ, అంత పల్చటి చర్మం మీద సున్నం పడితే వాపు మాట దేవుడెరుగు, ఉన్న తోలు ఊడొస్తుంది. వద్దన్నాను. ఆవిడ గునిశారు. పాప అప్పటికే ఏడుపు మొదలెట్టింది.

పిల్లల కాళ్ళ గోల మాకు కొత్త కాదు. నిరుడు ఒక పిల్ల రెండు కాళ్ళూ చెరో పక్కకి జారిపోయి నేలకి కరుచుకుని ఉండేది. దాన్ని పెట్టెలో పేపరు పరిచి ఉంచాం, కాగితం మీద కాలు నిలవదు. బ్యాండెయిడ్ సన్నగా చీల్చి రెండు కాళ్ళకీ మధ్య ఒక అంగుళం ఎడం ఉండేలా కట్టి, కింద గోనెపట్టా పరిస్తే వారం తిరక్కుండానే నడిచింది. వేళ్ళు పిడికిలిలా లోపలికి ముడుచుకుంటే అది బీ2 విటమిన్ లోపం. చీలమండ దగ్గర ఉబ్బి, వెనకున్న నరంలాంటి తాడు పక్కకి జారిపోతే దానికి కట్టు పనిచెయ్యదు, చాలాసార్లు మాంగనీస్ తక్కువై వస్తుంది అది. ఇవాళ్టిది వీటిలో ఏదీ కాదు. దూడ డెక్క, అంతే.

పశువుల ఆస్పత్రిలో పనిచేసే అబ్బాయికి ఫోన్ చేశాను. ఆదివారమైనా ఎత్తాడు. మొదట అడిగింది కాలు గురించి కాదు. "కొక్కెర తెగులు చుక్కలు వేయించారా అండి?" అన్నాడు. ఆ తెగులులోనూ కాళ్ళు పడిపోతాయి, మెడ తిరిగిపోతుంది, ఒకదానికి వస్తే గంప ఖాళీ అయిపోతుంది. వేయించామని, దూడ తొక్కడం కళ్ళారా చూశామని చెప్పాక కుదుటపడ్డాడు. పాప జ్వరం మందు చుక్క వెయ్యొచ్చా అని వెనకనించి మా ఆయన అందిస్తున్నారు. వద్దండి, మనుషుల నొప్పి మందులేవీ దగ్గరికి రానివ్వకండి అన్నాడు. వంటింటి త్రాసు మీద పెడితే పిల్ల 60 గ్రాములు దాటలేదు. దానికి ఒక్క చుక్క అంటే మనకి సీసా ఎత్తి తాగినట్టే. నీళ్ళలో బీ కాంప్లెక్స్ చుక్కలు కలపమన్నాడు, కట్టు కట్టాక వేళ్ళు ఉబ్బినా నల్లబడినా వెంటనే విప్పేయమన్నాడు.

కట్టు ఎవరు కడతారన్నది తర్వాతి సంగతి. నా చేతులు వణుకుతాయి. అత్తయ్యగారికి చత్వారం. అప్పుడు పాపే అంది, "పందేల తాతని పిలవనా?"

మా వీధి చివర ఇంటాయన్ని ఊరంతా పందేల మావయ్య అంటుంది. భోగికి ఇంకా రెండు వారాల చిల్లర ఉంది, ఆయనకి ఇప్పుడు ఊపిరాడదు. పుంజులకి బాదంపప్పు, మటన్ ఖైమా, కాలవలో ఈత, వేణ్ణీళ్ళ కాపడం. ఇంట్లో మనవలకి అంత సేవ జరుగుతుందో లేదో నాకు అనుమానమే. నాకీ పందేలు గిట్టవు. 1960 నాటి చట్టం ప్రకారం జంతువుల్ని ఇలా హింసించడం నేరం, 1974 నాటి గేమింగ్ చట్టం ప్రకారం పందెం నేరం, హైకోర్టూ వద్దనే చెప్పింది. అయినా సంక్రాంతికి భీమవరం చుట్టూ బరులు లేస్తూనే ఉంటాయి. ఆ మాట ఆయన మొహం మీదే అని, రెండేళ్ళు పలకరింపులు లేకుండా ఉన్నదాన్ని. కానీ కోడి కాలు గురించి ఈ చుట్టుపక్కల ఆయనకంటే తెలిసినవాళ్ళు లేరు. కత్తి కట్టడానికే కానివ్వండి, నలభై ఏళ్ళు రోజూ పట్టుకున్న కాళ్ళవి.

పాప పిలిస్తే లుంగీ మీదే వచ్చాడు. పిల్లని ఎడమ అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టి, తల రెండు వేళ్ళ మధ్య ఆన్చుకున్నాడు. అంతవరకు కీచుమన్నది కాస్తా చప్పుడు ఆపేసింది. బొటనవేలితో పైనించి కిందికి ఒక్కసారి రాసి, "పూర్తిగా తెగలేదమ్మా. పచ్చికొమ్మ వంచితే ఒక పక్క చిట్లుద్ది చూడు, అలా అయ్యింది. కట్టు నిలిస్తే చాలు" అన్నాడు.

నేను ఐస్‌క్రీమ్ పుల్ల కడిగి ఉంచాను. ఆయన నవ్వి, "దాని కాలికంటే నీ పుల్లే బరువు" అన్నాడు. చిన్నప్పుడైతే కొబ్బరి ఈనె ముక్క వాడేవాళ్ళట. చివరికి పాప జ్యూస్ డబ్బా స్ట్రా కుదిరింది. కీలుకి, వేళ్ళకి తగలనంత పొడవున ముక్క కోసి, నిలువునా చీల్చి, లోపల దూది పల్చగా పరిచాడు. వేళ్ళు పట్టి కాలు మెల్లగా చాపాడు. వంపు సరయ్యాక స్ట్రా ముక్కని తొడిగి, పైన మెడికల్ షాపు కాగితం టేపు రెండు చుట్లు తిప్పాడు. సూది దూరేంత సందు వదిలాడు. బిగిస్తే నెత్తురు ఆగిపోతుంది, వదులైతే ఎముక కదులుతుంది. అంతా కలిపి కాఫీ చల్లారేలోపు అయిపోయింది.

కడుతున్నంతసేపూ తన కథే. ఎప్పుడో మోచెయ్యి విరిగితే పుత్తూరు వెళ్ళి కట్టించుకొచ్చాడట. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, పైన గుడ్డ. పాప శ్రద్ధగా విని, "మరి దీనికీ గుడ్డు రాయవా తాతా?" అంది. "దానికి తమ్ముడవుతాడే" అన్నాడాయన. మధ్యాహ్నం నేను ఉడికించిన గుడ్డు పచ్చసొన నలిపి పిల్లకి పెడుతుంటే పాప నన్ను చూసిన చూపు మామూలుది కాదు.

కాలుకంటే ముందు చంపేది ఆకలీ దాహమూ. నిలబడలేని పిల్ల నూకల దాకా పోలేదు, ఆ అవిటితనం ఒక్క పూట చాలు. సీసా మూతలో నీళ్ళు పోసి ముక్కు కొన ముంచితే తల ఎత్తి మింగింది. లోతు గిన్నె అయితే అందులోనే పడి మునుగుతుంది, అందుకే మూత. చెదపురుగులు మావయ్యగారు తెచ్చారు. అవును, పేపర్లోంచి తల ఎత్తని మావయ్యగారే, చేను గట్టు తవ్వి, పుట్ట ముక్క కాగితంలో చుట్టుకుని.

వేడి ఇంకో తంటా. పదిరోజుల పిల్లకి దాదాపు 32 డిగ్రీలు ఉండాలి. తల్లి కింద ఉంటే ఏ లెక్కా అక్కర్లేదు, కానీ తల్లి కింద తోసుకునే పిల్లల మధ్య కట్టు నిలవదు. బుట్టలో బల్బు వేలాడదీద్దామంటే ఇంట్లో అన్నీ ఎల్ఈడీలే. కరెంటు బిల్లు తగ్గిస్తాయి గానీ ఒక కోడిపిల్లని వెచ్చబెట్టలేవు. అటక మీద వెతికితే పాత 60 వాట్ల బల్బు ఒకటి దొరికింది, దుమ్ము తుడిస్తే వెలిగింది. పిల్ల బల్బు కిందే ముడుచుకుంటే చలి వేస్తున్నట్టు, దూరంగా జరిగి నోరు తెరిస్తే ఉడుకుతున్నట్టు. దాన్ని బట్టి బల్బు ఎత్తడం దించడం మా ఆయన పని. "బతకదు" అన్న మనిషి సాయంత్రందాకా ఆ తీగ వదల్లేదు.

ఒంటరిగా ఉంచితే అరిచి అరిచి తినడం మానేస్తుందని తోడుగా ఇంకో పిల్లని వేశాం, మెత్తటి స్వభావం ఉన్నదాన్ని. నెత్తురు ఉండి ఉంటే అదీ కుదరదు. ఎరుపు కనపడితే తోబుట్టువే పొడుస్తుంది. బుట్ట గంప పక్కనే పెట్టాం. పెట్ట గొంతు వినిపిస్తుంటుంది, కట్టు విప్పి మళ్ళీ కలిపినప్పుడు పరాయిదని తరమకుండా ఉంటుందని ఆశ.

సాయంత్రానికి వేళ్ళు వెచ్చగానే ఉన్నాయి, రంగు మారలేదు. కట్టు కాలు కర్రలా ముందుకి చాపి, మంచి కాలి మీద ఎగిరి రెండు గంతులేసి పడింది. మళ్ళీ లేచింది.

పందేల మావయ్య వెళ్తూ డబ్బు ముట్టలేదు గానీ ఒక షరతు పెట్టాడు. వీపు మీద గీతలు చూసి ఇది పెరిగితే నెమలి (పందెంకోళ్ళలో ఒక రంగు రకం) అవుతుందట, పుంజైతే తనకే ఇవ్వాలట. పుంజైనా పెట్టయినా ఇల్లు కదలదని చెప్పాను. నవ్వి వెళ్ళాడు. నేనింకా ఉడుకుతుంటే అత్తయ్యగారు గొంతు తగ్గించి, "కుంటిదాన్ని బరిలోకి ఎవడు దింపుతాడే, కంగారు పడకు" అన్నారు.

రేపు నాకు బడి ఉంది. పొద్దున వేళ్ళు చూసే పని అత్తయ్యగారిది, కళ్ళజోడు పెట్టుకుంటానన్నారు. నీళ్ళు, తిండి పాప బడికెళ్ళేదాకా పాపవి, తర్వాత మావయ్యగారివి. ఈ వయసులో కాలు రోజురోజుకీ లావెక్కుతుంది, కట్టు అలాగే ఉంచితే అదే కోస్తుంది. గురువారం వదులు చేసి మళ్ళీ చుట్టాలి, మొత్తం మీద రెండు వారాలకి తీసెయ్యొచ్చన్నాడు ఆస్పత్రి అబ్బాయి. గురువారం పొద్దున్నే వస్తానన్నాడు పందేల మావయ్య. ఆ రోజు ఆయన పుంజులకి ఈత లేదట.