డచ్ కుందేళ్లు, మా విజయనగరం ఎండలు

కుందేళ్లు పెంచుతున్నానని చెబితే మా విజయనగరంలో ముందు అడిగేది "కేజీ ఎంత?" అని. కూరకు కాదండీ, జాతి కోసం అంటే నన్ను ఎగాదిగా చూస్తారు. జాతి కుక్క అంటే ఎవరికైనా అర్థమవుతుంది. జాతి పుంజు సంగతి సరేసరి, సంక్రాంతి ముందు దాని వంశం గురించి గంటసేపు మాట్లాడేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. కుందేలుకూ వంశం చిట్టా ఉంటుందంటే మాత్రం నవ్వేస్తారు.

నేను ఎంచుకున్నది డచ్ జాతి. పేరు డచ్ అయినా దాన్ని ఇప్పుడున్న రూపానికి తీర్చిదిద్దింది 19వ శతాబ్దపు ఇంగ్లాండ్ పెంపకందార్లు. రెండు కేజీలకు కాస్త అటూ ఇటూగా తూగే చిన్న ప్రాణి. ముందు సగం తెలుపు, వెనక సగం నలుపు. ముక్కు దగ్గర వెడల్పుగా మొదలై చెవుల మధ్యకు వెళ్లేసరికి సన్నబడే తెల్లచార, దానికి రెండు వైపులా గుండ్రని నల్ల బుగ్గలు. తెలుపు, నలుపు కలిసే గీత వీపు మీద నుంచి పొట్ట కింద దాకా చుట్టూ తిన్నగా ఉండాలి. నల్లని వెనక కాళ్లకు వేళ్ల వైపు పాదంలో మూడో వంతు తెల్లగా, రెండింటికీ సమానంగా ఉండాలి. మంచి జంటను కలిపినా ఇవన్నీ సరిగ్గా పడిన పిల్ల ఒక ఈతలో ఒక్కటి కూడా పుట్టకపోవచ్చు. ఈ జాతి మీద నాకు మోజు పుట్టింది ఆ మొండితనం వల్లే.

జంటను విశాఖలో ఒక పెంపకందారు దగ్గర కొన్నాను. వంశపత్రం ఉందని ధర ఎక్కువే తీసుకున్నారు. వంశపత్రం అంటే మూడు తరాల లెక్క: తల్లిదండ్రులు ఇద్దరు, వాళ్ల తల్లిదండ్రులు నలుగురు, ఆపై తరం ఎనిమిది. మొత్తం 14 గళ్లలో ఒక్కో కుందేలు పేరు, రంగు, బరువు, చెవి నంబరు ఉండాలి. ఆడదాని కాగితం నిండుగా ఉంది. మగదాని కాగితంలో తండ్రి గడి దాటితే అంతా ఖాళీ. "వాట్సాప్‌లో పంపుతానమ్మా" అన్నారు. ఇప్పటికీ పంపుతూనే ఉన్నారు. ఇక లాభం లేదని నేనే ఒక లెడ్జర్ పుస్తకం కొని, నా ఇంట్లో పుట్టే ప్రతి పిల్లకూ పేజీ కేటాయించాలని నిర్ణయించుకున్నాను. అమెరికా పద్ధతిలో పెంపకందారు నంబరును ఎడమ చెవిలో పచ్చబొట్టులా పొడుస్తారు, కుడి చెవిని రిజిస్ట్రేషన్ కోసం వదిలేస్తారు. నేనూ అలాగే చేస్తున్నాను.

మేత విషయంలో మాకు ఇబ్బంది లేదు. కుందేలు పొట్టకు ముఖ్యమైనది పీచు. క్యారెట్ దానికి మిఠాయి లాంటిది, అప్పుడప్పుడూ చిన్న ముక్క చాలు. నీడలో ఆరబెట్టిన గరిక రోజంతా అందుబాటులో ఉంచుతాను, పిల్లిపెసర దొరికితే వాడ్చి పెడతాను, కొలిచి కొంచెం పెల్లెట్లు, అంటే గుళికల దాణా. గడ్డి తెచ్చే అప్ప వానాకాలంలో తడిసిన మోపు దించి, "ఏటవుతాదమ్మా, ఆవులు తినట్లేదా?" అంటుంది. ఆవు వేరు, ఇది వేరు. తడి మేతతో పొట్ట ఉబ్బిన కుందేలు పూట తిరక్కుండా పోవచ్చు.

అసలు పరీక్ష ఎండాకాలం. కుందేలుకు చెమట పట్టదు, ఒంట్లో వేడి చాలావరకు చెవుల నుంచే బయటికి పోవాలి. ఏప్రిల్ వచ్చేసరికి గూళ్లను పెరట్లోంచి వరండాలోకి మార్చి, చుట్టూ తడి గోనెపట్టాలు కట్టి, నీళ్లసీసాలు ఫ్రీజర్‌లో గడ్డకట్టించి గూట్లో పెట్టేవాళ్లం. కుందేళ్లు ఆ సీసాలను ఆనుకుని పడుకునేవి. మా ఆయనకు ఫ్రిజ్‌లో చల్లనీళ్లు దొరకని వేసవి అది.

ప్రాణాలైతే నిలిచాయి, పిల్లలే లేవు. ఆడదాన్ని మగదాని గూట్లోకి తీసుకెళ్లాలి, ఎప్పుడూ అటునుంచి ఇటే. మగది తన గూట్లోకి వస్తే ఆడది కరిచి తరుముతుంది. అంతా పద్ధతిగానే జరిగేది. పని పూర్తవగానే మగది ధబ్బున పక్కకు పడిపోయేది. చూస్తే నవ్వాగదు. నెల తిరిగితే గూడు ఖాళీ. మా అత్తగారు ఆడదాన్ని అనుమానించారు, అమ్మినవాళ్లు నా మేతను అనుమానించారు. గరివిడి పశువైద్య కళాశాలకు రెండింటినీ తీసుకెళితే డాక్టర్ గారు తేల్చేశారు. 30 డిగ్రీలు దాటిన వేడి రోజుల తరబడి ఉంటే మగ కుందేలుకు వీర్యం దెబ్బతింటుంది, వాతావరణం చల్లబడ్డాక కూడా కోలుకోవడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. "దసరా దాకా దాన్ని వదిలెయ్యండి" అన్నారు. ఎక్కడో చలిదేశాల్లో రాసిన క్యాలెండర్ మనకు పనికిరాదని ఆ రోజే అర్థమైంది.

అక్కడే ఇంకో మంచి మాట కూడా విన్నాను. అంతకు కొన్నాళ్ల ముందు ఆడదానికి ముక్కు కారుతుంటే మందుల షాపులో అమాక్సిసిలిన్ పట్టమన్నారు. మనసొప్పక ఆగాను. అది పెన్సిలిన్ జాతి మందు. ఆ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విరేచనాలతో ప్రాణమే పోతుందట. కుందేళ్లు పెంచేవాళ్లు ఇది ఇంట్లో గోడ మీద రాసి పెట్టుకోవాలి.

దసరా వెళ్లాక వచ్చే మా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం హడావిడి ముగిశాక మళ్లీ కలిపాను. రెండు వారాలకు పొట్ట కింద మెల్లగా వేళ్లతో తడిమితే ద్రాక్షపళ్ల సైజులో తగిలాయి. 28వ రోజున గూట్లో గడ్డి పరిచిన చెక్కపెట్టె పెట్టాను. 31వ రోజు తెల్లారేసరికి తల్లి తన పొట్ట మీది బొచ్చు పీకి పెట్టె నింపేసింది, లోపల ఆరు పిల్లలు కదులుతున్నాయి. తల్లేమో పెట్టె వంకే చూడకుండా దూరంగా కూర్చుంది. "వదిలేసింది, ఆవుపాలు దూదితో పడదాం" అని మా అత్తగారు కంగారుపడ్డారు. తల్లి కుందేలు రోజుకు ఒకటి రెండుసార్లే, అదీ కొద్ది నిమిషాలే పాలిస్తుంది. పిల్లల పొట్టలు గుండ్రంగా ఉన్నాయా లేదా అన్నదే మనం చూడాల్సింది. పొద్దున్నే ఒక్కో పొట్టా చూపించాకే ఆవిడ శాంతించారు.

డచ్‌లో విచిత్రం ఏమిటంటే, బొచ్చు రాకముందే చర్మం మీద గుర్తులు కనిపిస్తాయి. పుట్టిన రోజునే జాతకం తెలిసిపోతుంది. ఒకదానికి బుగ్గ మీది నలుపు మీసాల్లోకి జారింది. ఇంకోదానికి ఒక పాదం మొత్తం నల్లగా ఉంది. రెండింటికి నడుం గీత మెట్లు మెట్లుగా ఉంది. మిగిలినవి రెండే. జాతి పెంపకంలో కష్టమంతా ఇక్కడే ఉందని నాకు అనిపిస్తుంది. అన్నీ ముద్దుగానే ఉంటాయి, అన్నిటికీ మేత ఒకటే, కానీ నాలుగింటి పేజీల్లో "పెంపుడుకు మాత్రమే" అని రాయాలి. రాశాను. పదో రోజు దాటాక కళ్లు తెరిచాయి, ఆరు వారాలకు తల్లి నుంచి వేరు చేశాను. ఆ నాలుగూ మా బంధువుల ఇళ్లకు వెళ్లాయి, కలపకూడదన్న షరతుతో. మా మరిది కొడుకు "పెద్దమ్మా, ఇదేటి, పెళ్లి చెయ్యకూడదా?" అని పాపం చాలా బాధపడ్డాడు.

మరుసటి శీతాకాలం విశాఖలో పెంపుడు జంతువుల ప్రదర్శన ఉందని తెలిసి, నా దగ్గర మిగిలిన రెండింటిలో మంచిదాన్ని సిద్ధం చేశాను. సిద్ధం చేయడమంటే ముస్తాబు కాదు. బల్ల మీద గోనెగుడ్డ పరిచి రోజూ కాసేపు కూర్చోబెట్టడం, వెల్లకిలా తిప్పితే గింజుకోకుండా అలవాటు చేయడం. కుంకుడుకాయ పులుసుతో రుద్దమన్నారు మా అత్తగారు. కుందేలుకు స్నానం పనికిరాదు, ఆ భయానికే గుండె ఆగిపోవచ్చు. ముందు పాదాల మీది పసుపు మరకలకు కార్న్‌ఫ్లోర్ చల్లి దువ్వాను.

హాలంతా కుక్కల గోల. కుందేళ్లకు మూలన రెండు బల్లలు. జడ్జి గారు మాత్రం పని తెలిసినవారు. పళ్లు సరిగ్గా కలుస్తున్నాయా చూశారు, గోళ్ల రంగు చూశారు, బొచ్చు ఎదురు నిమిరి అది వెంటనే వెనక్కి వాలుతోందో లేదో చూశారు. తర్వాత తిప్పి, పొట్ట కింద గీత దగ్గర వేలు పెట్టారు. అక్కడ తెలుపులోకి నల్ల బొచ్చు కాస్త జారింది. నాకు తెలుసు, గమనించరేమోనని ఆశ. మూడో స్థానం వచ్చింది. "తల మంచిది. దీనికి నడుం గీత బలంగా ఉన్న మగదాన్ని వెతకండి, అన్నదమ్ములతో కలపకండి" అన్నారు. ఆ మాట పేజీలో అలాగే రాసుకున్నాను.

తర్వాత రాజాం నుంచి ఒక కుర్రాడు జంట కావాలని వచ్చాడు. మగదాని వైపు ఖాళీ గళ్లున్న కాగితంతో జంట అమ్మడం నాకిష్టం లేదు. ఆగమన్నాను. ఇప్పుడు బెంగళూరు వైపు ఒకరితో మాట్లాడుతున్నాను, 14 గళ్లూ నింపిన కాగితం ముందు ఫొటో తీసి పంపితేనే డబ్బు అన్నాను. మగది జనవరిలోపు వచ్చి ఇక్కడి నీళ్లకు అలవాటు పడితే ఎండలు ముదిరేలోపు ఒక ఈత తీయొచ్చు. లేదంటే మళ్లీ దసరాకే.