నాలుగు రేకుల కట్టలు

పాత చిత్రిక యంత్రాన్ని తెచ్చుకోవడానికి చేసిన మూడు రోజుల ప్రయాణంలో నాకు స్పష్టంగా గుర్తున్నది, మూతపడిన కర్ర కార్ఖానాలో ఒక పెద్దాయనతో రెండు గంటల పాటు పడిన పేచీ మాత్రమే. దారీ, బసా అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. కిరాయిని మాత్రం మరిచిపోలేదు. తుక్కు ధరకు దొరికిన యంత్రం కంటే దాన్ని మోసిన లారీకే ఎక్కువ ఇచ్చుకున్నాను, అదీ గంటల లెక్కన.

అది పదహారు అంగుళాల వెడల్పు చెక్కను చదును చేసే యంత్రం. పోత ఇనుప పీఠం, దాని మీద రెండు పొడవాటి బల్లలు, వాటి నడుమ కత్తులు బిగించిన దిమ్మ. బరువు టన్నుకు అటూ ఇటూ. టార్చి వేసి నేను మొదట చూసింది ఆ దిమ్మ గుండ్రంగా ఉందా, చదరంగా ఉందా అని. చదరపు దిమ్మ మూలలు తిరగడానికి బల్లల మధ్య ఎడం ఎక్కువ వదలాలి. దాని చదును ముఖం పైకి వచ్చిన ప్రతిసారీ అక్కడ వేళ్లు దూరేంత గుంట పడుతుంది. పాత రోజుల్లో ఎందరో వడ్రంగుల వేళ్లు పోయింది అందులోనే కనుక, చదరపుదైతే ఖాళీ లారీతో తిరిగి వచ్చేవాణ్ణి. అదృష్టవశాత్తూ గుండ్రంగానే ఉంది.

క్రేను కుర్రవాడు వచ్చీ రాగానే బెల్టును బల్ల కిందుగా వేయబోతే, మూలన కూర్చున్న పెద్దాయన ఒక్క కేక పెట్టాడు. ఆ యంత్రం మీద ఆయన చాలా ఏళ్లు పని చేశాడట. బల్లలు వాలుగా ఉన్న గాడుల మీద కూర్చుని ఉంటాయి కాబట్టి, వాటిని పట్టి ఎత్తితే సమతలం చెడుతుందనీ, పోత ఇనుము వంగదు, విరుగుతుందనీ చెప్పి, బెల్టును పీఠం కిందికి మార్పించాడు. అంతవరకు ఆయన మీద నాకు గౌరవమే కలిగింది. ఆ తరువాత, కత్తులు తీసి, బేరింగుల మూతలు విప్పి, దిమ్మను విడిగా తీసుకెళ్లమన్నాడు. మా పేచీ అక్కడే మొదలైంది.

"గుంటల దారిలో ఇది ఎగిరెగిరి పడితే లోపలి తెల్ల లోహం అణిగిపోతుంది బాబూ," అన్నాడు.

ఆ బేరింగుల్లో గుండ్లు లేవు. ఆయన అన్న తెల్ల లోహం, అంటే 1839లో ఐజాక్ బాబిట్ రూపొందించిన, తగరంలో కొంచెం యాంటిమొని, రాగి కలిపిన మిశ్రమ లోహం, పోసి చేసిన గూళ్లలో ఇరుసు నూనె పొర మీద తిరుగుతుంది. మూతకూ అడుగుకూ మధ్య రెండు పక్కలా పలుచని రేకులు దొంతరగా ఉంటాయి. లోహం అరిగిన కొద్దీ ఒక్కొక్క రేకు తీసి మూతను కిందికి దించుకుంటారు. రెండు బేరింగులకు నాలుగు దొంతరలు. పెద్దాయన ఎడమ బేరింగు రేకులను ఏ పక్కవి ఆ పక్కకే దారంతో కట్టి, సుద్దతో గుర్తు పెట్టడం మొదలుపెట్టాడు. బయట లారీ డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు. నాకు ఓర్పు నశించి, కుడి బేరింగు రేకులన్నిటినీ నేనే గుప్పిట పట్టి జేబులో వేసుకున్నాను. ఆయన చూసి కూడా ఏమీ అనలేదు. అనివుంటే బాగుండేది!

తిరుగు ప్రయాణమంతా ఆ దిమ్మ గోనెపట్టాలో చుట్టుకుని నా కాళ్ల మధ్య మూడో ప్రయాణికుడిలా కూర్చుంది. లారీ కుదిపినప్పుడల్లా నేను వెనక్కి తిరిగి యంత్రాన్ని చూడడం, డ్రైవరు నవ్వడం.

షెడ్డులో దించాక, నాలుగు కాళ్లలో ఒకటి నేలకు ఆనలేదని తెలిసింది. బోల్టు బిగించి లాగితే పీఠం మెలిపడి, బల్లలు కూడా దానితోపాటు తిరుగుతాయి కనుక ఆ కాలి కింద రేకు ముక్కలు దోపి, ఆ తరువాతే బిగించాను. రేకుతో చేసిన నా పాత చిన్న యంత్రానికి ఇంత మర్యాద ఎన్నడూ చేయలేదు. అది పని చేసినంతసేపూ నేల మీద పక్కకు జరుగుతూనే ఉండేది.

ఎడమ బేరింగు ఒక్క సాయంత్రంలో కుదిరింది. కుడిదానికి నాలుగు రోజులు పట్టింది. 50 మి.మీ. ఇరుసుకు సుమారు 0.05 మి.మీ. సందు కావాలి. మెత్తని సీసపు తీగను ఇరుసు మీద పెట్టి, మూత బిగించి, విప్పి, నలిగిన తీగ మందాన్ని మైక్రోమీటరుతో కొలిచి, రేకులు మార్చి మళ్లీ బిగించడం: జేబులో కలిపేసిన పదకొండు రేకులతో ఇదే ఆట ఎన్నిసార్లు ఆడానో లెక్క లేదు.

కత్తులు బిగించకుండానే మొదటిసారి కరెంటు ఇచ్చాను. దిమ్మ వెనక్కి తిరిగింది. మూడు ఫేజుల తీగల్లో రెండింటిని తారుమారు చేస్తే సరిపోయింది. అరగంట నడిపి మూతల మీద చెయ్యి వేస్తే ఎడమది చల్లగా ఉంది, కుడిది వేడెక్కింది. ఆపి, కుడి మూత కింద రెండు పక్కలా ఒక్కొక్క పలుచని రేకు చేర్చి, నూనె పోసి, మరో గంట నడిపాను. ఈసారి రెండూ ఒక్కలాగే ఉన్నాయి. అప్పుడు కుడి బేరింగు రేకులు విప్పి, ఏ పక్కవి ఆ పక్కకు దారంతో కట్టి, సుద్దతో గుర్తు పెట్టి, వాటి మందాలు కాగితం మీద రాసుకుని, తిరిగి బిగించాను.